నొక్కని తాళం

చాచా ఇల్లు నాకు ఎవరూ చూపించలేదు. తాళం చూసి గుర్తుపట్టాను.

ఆయన పోయాడని కడప నుంచి లచ్చమ్మ ఫోన్ చేసింది. "అక్కా, మన బస్సు చాచా సచ్చిపోయినాడంట. నువ్వయితే హైదరాబాదుకు దగ్గరుండావు. ఒకతూరి పోయి చాచీని పలకరించి రా" అంది. సందు పేరు చెప్పింది కాని ఇంటి గుర్తు చెప్పలేకపోయింది. జగిత్యాల బస్సు దిగి, ఆటో దిగి, ఆ సందులో అటూ ఇటూ తిరిగాను. అన్నీ ఒకే తీరు ఆకుపచ్చ తలుపులు. ఒక తలుపుకు తాళంకప్ప వేలాడుతోంది. దూరం నుంచి చూసినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరని తిరిగిపోతారు. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. కొక్కెం గొళ్ళెంలోకి దూర్చి ఉంది, నొక్కి లేదు. చిటికెన వేలితో తీయవచ్చు.

చాచీ వచ్చేదాకా కూర్చుందామని ఆ గడప మీదే చతికిలబడ్డాను. కూర్చున్న కొద్దీ ఆ మనిషి కళ్ళ ముందు కదిలాడు. పేరు తెలుసు గాని చెప్పను. మాకు ఆయన చాచానే. నాకు సంతకం వరకే వచ్చు కాబట్టి ఇదంతా నోటితో చెప్పి రాయిస్తున్నాను.

నా మొగుడు సౌదీలో, ఖమీస్ ముషైత్ అనే ఊళ్ళో గోడలు కడుతూ పరంజా మీది నుంచి పడి పోయాడు. పెట్టె వచ్చింది. పెట్టె వచ్చిన మరుసటేడు నేను కూడా అదే దేశానికి విమానం ఎక్కాను, బీడీలు చుట్టి పిల్లల్ని సాకలేక. రాస్ తనూరా దగ్గర ఒక ఆసుపత్రిలో నేల తుడిచే పని. మమ్మల్ని తెచ్చిన కాంట్రాక్టు కంపెనీ ఆడవాళ్ళందరినీ ఒక మేడ ఇంట్లో పెట్టింది. కింద ఒక్కటే తలుపు, ఇనుప కటకటాలది. కిటికీలకు చువ్వలు. పొద్దున బస్సు వచ్చి తీసుకుపోయేది, సాయంత్రం తెచ్చి దింపేది. మేం లోపలికి వెళ్ళాక డ్రైవరు బయటి నుంచి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని పోయేవాడు. శుక్రవారం సెలవు. ఆ రోజంతా తాళమే. ఇదంతా మీ క్షేమం కోసమేనని కంపెనీ అనేది.

నేనూ మొదట్లో మంచిదేనని అనుకున్నాను. మగదిక్కు లేనిదాన్ని, పరాయి దేశం. టక్కుమని తాళం పడిన చప్పుడు వినపడ్డాకే మేం చెప్పులు విప్పి మెట్లెక్కేవాళ్ళం. అందరం కింద నిలబడి దాని కోసం ఎదురుచూసేవాళ్ళం. ఆ చప్పుడైతేనే ఆ రోజుకు పని అయిపోయినట్టు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన ఎండాకాలంలో చాచా మా బస్సుకు వచ్చాడు. అంతకు ముందు చాలా ఏళ్ళు ఒక అమెరికా ఇంజనీరు కారు నడిపాడు. యుద్ధం వస్తుందని ఆ సాబు పెళ్ళాం పిల్లలతో విమానం ఎక్కేశాడు. ఎక్కించి వచ్చింది చాచానే. తిరిగి వచ్చేసరికి కారు లేదు, ఆడవాళ్ళ బస్సు ఉంది.

పొడుగు మనిషి. తెల్ల గడ్డం. చెప్పులు విప్పి, మసీదు ముందు విడిచినట్టు గేరు పక్కన జతగా పెట్టి, ఉత్త కాళ్ళతో బస్సు నడిపేవాడు. నోట్లో ఎప్పుడూ ఒక ఖర్జూరపు గింజ. పండు తిని చాలా సేపైనా గింజ వదలడు. ఈ దవడ నుంచి ఆ దవడకు తిప్పుతూ మాట్లాడతాడు. గట్టి మాట ఏదైనా చెప్పాల్సి వస్తే మటుకు గింజ తీసి చొక్కా జేబులో వేసుకుంటాడు. గింజ జేబులోకి పోయిందంటే మేం మాటలు ఆపి వినేవాళ్ళం.

మొదటి రోజు అద్దంలోంచి నన్ను చూసి అడిగాడు.

"నువ్వు ఏ ఊరు బిడ్డా?"

"జగిత్యాల దిక్కు, చాచా."

"అక్కడేం జేస్తుంటివి?"

"బీడీలు చుడ్తుంటి."

"అమెరికోళ్ళు గూడ చుట్టిన్రు" అన్నాడు.

బస్సంతా నవ్వింది. ఎగతాళి చేస్తున్నాడనుకుని నేను ముఖం తిప్పుకున్నాను. ఆయన నవ్వలేదు.

"నిజం బిడ్డా. మా సాబు చెప్పిండు. వాళ్ళ తాతలనాడు గరీబోళ్ళు ఇండ్లల్ల కూసొని చుట్టలు చుట్టిన్రట. ఒక్క అర్రల వండుడు, పండుడు, చుట్టుడు. పసిపోరలు గూడ ఆకు సాపు జేసుడే. రెక్కలు పోయేదాంక చుట్టినా కడుపు నిండకపోతుండె."

"మరి ఇప్పుడు వాళ్ళు విమానాలల్ల తిరుగుతున్నరు గదా?"

"తిరుగుతున్నరు."

"ఎట్లయింది మరి?"

అప్పుడు గింజ తీసి జేబులో వేసుకున్నాడు. స్టీరింగు మీది నుంచి ఒక్క వేలు పైకి లేపాడు.

"అడిగిన్రు."

అంతే. మళ్ళీ గింజ నోట్లోకి వెళ్ళింది.

ఆ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నామో. ఆయన ఏ కథ చెప్పినా చివర అక్కడికే వచ్చేది. బొగ్గుగనుల కథ చెప్పేవాడు. ఇల్లు కంపెనీదే, దుకాణం కంపెనీదే, జీతం పైసల్లో కాదు, కంపెనీ బిళ్ళల్లో. ఆ బిళ్ళలు ఆ దుకాణంలో తప్ప ఇంకెక్కడా చెల్లవు. సాబు తాత ఆ గనిలోకి చిన్నప్పుడే దిగాడట, దిగేటప్పుడు తల్లి కట్టిన జొన్నరొట్టె నడుముకు కట్టుకుని.

"అమెరికాలో జొన్నరొట్టె యాడిది చాచా?" అని లచ్చమ్మ అడిగింది. లచ్చమ్మ కడపది. మా అందరిలోకి నోరు పెద్దది.

"రొట్టె రొట్టేనమ్మా. ఏ పిండైతే ఏంది."

ఆయన చెప్పే అమెరికాలో అంతా మనవాళ్ళే ఉండేవాళ్ళు. బట్టల మిల్లు కూత వేస్తే ఆడవాళ్ళు కొంగు నడుముకు చెక్కుకుని ఉరికేవాళ్ళు. పోలీసులు లాఠీలతో వచ్చేవాళ్ళు. షావుకారు అరుగు మీద దిండుకు ఆనుకుని కూర్చునేవాడు. సాబు ఎంత చెప్పాడో, ఈయన ఎంత కలిపాడో తెలియదు. అడిగితే, "నేను చూసింది కలిపిన. చూడంది ఎట్ల చెప్పాలె" అనేవాడు.

ఇంకో విచిత్రం. కథను బట్టి బస్సు నడిచేది. పిల్లలు మిల్లులో వేళ్ళు పోగొట్టుకున్న కథ చెబితే బస్సు ఎడ్లబండి అయ్యేది. కూలీలంతా పని ఆపి, ఎనిమిది గంటలకు మించి చెయ్యం అని కూర్చున్న కథ చెబితే బస్సు ఎగిరేది. ఆ రోజు ఆసుపత్రికి అందరికంటే ముందు మేమే. ఏడుపు కథ చెప్పిన రోజు ఆలస్యమై తిట్లు తినేవాళ్ళం. "చాచా, ఇయ్యాల గెలిచిన కత చెప్పప్పా, మేస్త్రీ అరుస్తాడు" అని లచ్చమ్మ ముందే అడిగిపెట్టుకునేది.

దారిలో నూనె శుద్ధి చేసే చోట గొట్టాల మీద మంటలు పగలూ రాత్రీ మండేవి. అక్కడికి వచ్చేసరికి చాచా గడ్డంతో అటు చూపేవాడు.

"గీ నూనె ఉన్నదే, అమెరికాల ఒక్క షావుకారి చేతిల ఉండె. పీపాలు ఆయనయే, రైళ్ళు ఆయన మాట వినాలె, ధర ఆయన చెప్పిందే. ఒక ఆడామె ఆయన చేసిందంత పత్రికల రాసింది. సర్కారు కోర్టుకు పోయింది. కోర్టు ఆ కంపెనీని ముక్కలు ముక్కలు జేసింది."

"ముక్కలు జేసి పేదోళ్ళకు పంచినారా?" అంది లచ్చమ్మ.

బస్సు నెమ్మదించింది.

"లే. ముక్కలైనంక ఆయన ఇంక పెద్ద షావుకారి అయిండట."

"అట్లుంటాది."

"అయితే మటుకు, కోర్టుకు ఈడ్సిన్రా లేదా?" అని గొణిగాడు. ఆ ఒక్క కథ ఆయనకు మింగుడుపడేది కాదు. అయినా దాచలేదు.

ఆడవాళ్ళు బజారు మీదికి వచ్చి ఓటు తెచ్చుకున్న కథ కూడా అంతే. ఎంతో సంబరంగా చెప్పుకొచ్చాడు, జైలుకు పోయిన్రు, అన్నం ముట్టలేదు, ఆఖరుకు సర్కారు దిగొచ్చింది అని. "మాకు పుట్టినప్పట్నుంచీ ఉండాదిలే ఓటు. మా ఆయప్ప సారాయి సీసాకు అమ్ముకున్యాడు" అని లచ్చమ్మ గాలి తీసేసింది. ఆ రోజు మమ్మల్ని దింపేదాకా బస్సు ఎడ్లబండే.

అన్నిటికంటే ఎక్కువ చెప్పింది చొక్కాల ఫ్యాక్టరీ కథ. సాబు నాయనమ్మ అందులో కుట్టుపని చేసేదట. పెద్ద మేడ, పై అంతస్తుల్లో మిషన్లు, అంతా వయసు పిల్లలు. గుడ్డముక్క దాచుకుని పోతారేమోనని, పని మధ్యలో లేస్తారేమోనని తలుపుకు తాళం. ఒక రోజు మంట అంటుకుంది. తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు పడ్డారు. తాళం రాలేదు. కిటికీల్లోంచి దూకారు. సాబు నాయనమ్మ ఆ రోజు జ్వరమొచ్చి పనికి పోలేదు కాబట్టి సాబు ఉన్నాడు.

"ఆ మంట తర్వాత ఊరూరంతా కదిలింది. పని నడుస్తుంటే తలుపుకు తాళం పెట్టొద్దని కానూను అయింది."

"అడిగినారు గదా" అని మేమే అందరం కలిసి అనేవాళ్ళం, ఆయన వేలు లేపకముందే.

ఆ కథ చెప్పి, మమ్మల్ని దింపి, మేం లోపలికి వెళ్ళాక తాళం వేసి వెళ్ళేవాడు. టక్. ఆయనకూ తట్టలేదు, మాకూ తట్టలేదు. నిజం. ఎవరికీ తట్టలేదు.

డ్రైవరు సీటు వెనక ప్లాస్టిక్ కవరులో ఒక తెల్ల గొడుగు ఉండేది. దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. వాన పడని దేశంలో గొడుగెందుకని ఒకసారి అడిగాను.

"మీ చాచీకి. మక్కాల ఎండ పాడుగుంటది బిడ్డా. లగ్గమైనకాడి నుంచి ఆమె నన్ను ఒక్కటే అడిగింది, మక్కా చూపియ్యుమని. చీర అడగలే, బంగారం అడగలే. మా కఫీల్ ఒప్పుకున్నడు, లడాయి అయిపోంగనే ఆమెను రప్పిచ్చుకోనికి కాగితం ఇస్తనన్నడు."

కఫీల్ అంటే మమ్మల్ని ఆ దేశానికి తెచ్చుకున్న యజమాని. ఆయన చేతిలోనే అన్నీ. ఉండమంటే ఉండాలి, పొమ్మంటే పోవాలి. ఆయనకు కంపెనీ మేనేజరు ఎంత చెబితే అంత. చాచాకు అది తెలుసు. ఆ గొడుగు కోసమే మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. అమెరికా కథలన్నీ మా బస్సు లోపలే.

చలికాలంలో యుద్ధం మొదలైంది. మొదట్లో సైరన్లకు ఉలిక్కిపడేవాళ్ళం, తర్వాత వినపడగానే కాళ్ళు వాటంతట అవే మెట్ల కిందికి పోయేవి. విషపు గాలి వస్తే ముఖానికి వేసుకునే మాస్కులు ఆసుపత్రి వాళ్ళకు ఇచ్చారు, మాకు రాలేదు. తువాలు తడిపి ముక్కుకు కట్టుకోమన్నారు.

ఒక సాయంత్రం మగ్రిబ్ నమాజు వేళ. మమ్మల్ని దింపాడు, తాళం పడింది, బస్సు కదిలి మలుపు తిరిగింది. సైరన్ మోగింది. ఎప్పటిలాంటిది కాదు, అప్పుడే ఎక్కడో పెద్ద మోత కూడా అయింది. నూనె గొట్టాల దిక్కు ఆకాశం ఎర్రబడ్డట్టు కనిపించింది. ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది, ఆ రోజు మాకు ఎక్కువ ఎరుపు కనిపించింది. మెట్ల కిందికి పోవలసిన కాళ్ళు తలుపు దగ్గరికి పోయాయి. అందరం కటకటాల మీద పడ్డాం. ఊపాం. అరిచాం. నా చెంప ఇనుముకు ఒత్తుకుపోయింది, వెనక నుంచి నెడుతున్నారు. రోడ్డు మీద బండ్లన్నీ ఎవరిదారిన వాళ్ళు పారిపోతున్నాయి. మా దిక్కు చూసేవాడు లేడు.

అప్పుడు మలుపు దగ్గర బస్సు వెనక భాగం కనిపించింది. ఆ సందంతా వెనక్కే నడుపుకుంటూ వస్తున్నాడు. ఉత్త కాళ్ళతో దూకాడు. తాళం చెవి ఒక పట్టాన రంధ్రంలోకి పోలేదు. రెండో చేత్తో తాళాన్ని పట్టుకుని తిప్పాడు. తలుపు తెరిచాక ఎవరం బయటికి పోలేదు, పోవడానికి ఎక్కడుంది. ఆయనే లోపలికి వచ్చాడు. మెట్ల కింద ముడుచుకుని కూర్చున్నాం. ఆయనకు తువాలు లేదు. నా తువాలు సగం చింపి ఇచ్చాను.

మోతలు ఆగాయి. సైరన్ ఇంకా మోగుతోంది. లచ్చమ్మ తడిగుడ్డ కిందికి లాగి అడిగింది.

"చాచా, ఆ చొక్కాల ఫ్యాక్టరీకి తాళమేసింది ఎవురు?"

"సేటు. చెప్పిన గద."

"సేటు తన చేత్తో ఏస్తాడా? సేటుకు చెవి యాడుంటాదో గూడా తెలీదు. ఎవురో జీతగాడే ఏసింటాడు. ఏసి, చెవి జోబీలో ఏస్కోని పోయింటాడు. వానికీ ఇల్లుంటాది, పెండ్లాముంటాది. వాని కత మీ సాబు చెప్పలేదా?"

లచ్చమ్మ ఎగతాళికి అడగలేదు. ఆమె గొంతు నేను ఎప్పుడూ అలా వినలేదు.

చాచా గింజ తీశాడు. జేబులో వేసుకున్నాడు.

"చెప్పలే" అన్నాడు. కొంచెం సేపటికి, "నేను అడగలే" అన్నాడు.

మరుసటి సాయంత్రం ఎప్పటిలాగే దింపాడు. ఎప్పటిలాగే మేం లోపల నిలబడ్డాం, చప్పుడయ్యాక చెప్పులు విప్పుదామని. ఇనుముకు ఇనుము గీసుకున్న చిన్న చప్పుడు వినపడింది. టక్ మాత్రం అనలేదు. బస్సు వెళ్ళిపోయింది. మేం అలాగే నిలబడి ఉన్నాం. లచ్చమ్మ కటకటాల్లోంచి చెయ్యి పెట్టి తాళాన్ని వేలితో ఎత్తింది. వచ్చేసింది. మళ్ళీ జాగ్రత్తగా ఎలా ఉందో అలా తగిలించింది.

"పడలేదు" అని చెవిలో చెప్పినట్టు చెప్పింది.

ఎవరూ బయట కాలు పెట్టలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా. ఆయన మాకు ఏమీ చెప్పలేదు, మేం ఆయన్ని ఏమీ అడగలేదు. పొద్దున వచ్చి తాళం తీస్తున్నట్టు చెవి తిప్పేవాడు. మేమూ అది అప్పుడే తెరుచుకున్నట్టు నటించేవాళ్ళం. చొక్కాల ఫ్యాక్టరీ కథ మాత్రం ఆ తర్వాత ఒక్కసారి కూడా చెప్పలేదు.

యుద్ధం అయిపోయింది. కువైట్ నూనె బావులు మండి పొగ మా దాకా వచ్చేది. కొన్ని రోజులు మధ్యాహ్నం దీపాలు వేసుకుని బస్సు నడిపాడు. ఆరేసిన బట్టల మీద నల్ల చుక్కలు. అయినా చాచా సంబరంగా ఉండేవాడు. కఫీల్ దగ్గరికి పోయి వచ్చాడు. పండుగ అయ్యాక కాగితం ఇస్తానన్నాడట. ఆ రోజు ఏ కథా లేకుండానే బస్సు ఎగిరింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకు చూడడానికి మేనేజరు వచ్చాడు. తలుపు తీయడానికి చాచాను వెంట తెచ్చాడు. మేం మెట్ల మీద కూర్చుని ఒకరి తల ఒకరం చూసుకుంటున్నాం. చాచా బస్సు దిగి, చెప్పులు వేసుకుని వచ్చేలోపే మేనేజరు తాళం మీద చెయ్యి వేశాడు. తాళం ఆయన చేతిలోకి వచ్చేసింది.

దానిని అటూ ఇటూ తిప్పి చూశాడు. కోపం లేదు. జుమ్మా నమాజు చేసుకుని వచ్చిన మనిషి.

"భూల్ గయా?" అన్నాడు. మర్చిపోయావా అని.

దారి ఆయనే చూపించాడు. హా అంటే చాలు. తల ఊపితే చాలు. ఒక తిట్టుతో పోతుంది. లచ్చమ్మ నా చెయ్యి పట్టుకుంది. మా అందరి కళ్ళూ చాచా నోటి మీదే.

చాచా గింజ తీసి జేబులో వేసుకున్నాడు.

"నై సాబ్. భూలా నై. లగాయా నై."

మర్చిపోలేదు, నేనే వెయ్యలేదు అన్నాడు. ఎప్పటి నుంచి అంటే లడాయి మొదలైన కాడి నుంచి అన్నాడు. ఎందుకు అని మేనేజరు అడిగాడు. ఆయన గొంతులో నిజంగా అర్థం కానితనం ఉంది.

"అందర్ లోగ్ హై, సాబ్."

లోపల మనుషులున్నారు. అంతకంటే ఏమీ చెప్పలేదు. ఇన్ని కథలు చెప్పే మనిషి, అమెరికా అనలేదు, కానూను అనలేదు.

మేనేజరు మా వైపు తిరిగాడు. ఈ సంగతి వీళ్ళకు తెలుసా అన్నాడు. మేం నోరు తెరిచేలోపు చాచానే చెప్పాడు.

"ఇన్‌కో కుఛ్ నై మాలూమ్."

వీళ్ళకేమీ తెలియదు అని. గింజ జేబులో ఉన్నప్పుడు చాచా అబద్ధం చెప్పడం అదొక్కసారే.

ఆ సాయంత్రమే వేరే డ్రైవరు వచ్చి తాళం నొక్కాడు. టక్. అన్ని రోజుల తర్వాత ఆ చప్పుడు గుండెలో పడింది. చాచాకు ఎగ్జిట్ కొట్టేశారని ఆ డ్రైవరే చెప్పాడు. ఎగ్జిట్ అంటే పాసుపోర్టు మీద ముద్ర వేసి ఇంటికి పంపడం. మళ్ళీ రానియ్యరు. గొడుగు తీసుకుపోయాడా అని అడిగాను. వాడికి నా మాట అర్థం కాలేదు.

పొద్దున బస్సు వచ్చి హారన్ కొట్టింది. లచ్చమ్మ చెప్పు వారు సరిచేసుకోవడానికి కింది మెట్టు మీద కూర్చుంది. సరిచేసుకున్నాక లేవలేదు. నేను పక్కన కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నాకు అప్పుడు తెలియదు, కాళ్ళు లేవలేదు. తర్వాత ఇంకొకరు. కేరళ పిల్లలు, సిలోన్ పిల్లలు, అందరూ. తలుపు తెరిచే ఉంది. ఎవరమూ దాటలేదు. హారన్ మోగి మోగి ఆగిపోయింది.

ఎండ మెట్ల దాకా వచ్చేసరికి మేనేజరు వచ్చాడు. ఆసుపత్రిలో నేలలు అలాగే ఉన్నాయట, అక్కడి వాళ్ళు ఫోను మీద ఫోను. ఏం కావాలన్నాడు. లచ్చమ్మ వచ్చిన హిందీలో చెప్పింది. తాళం చెవి లోపల ఉండాలి, మేమే వేసుకుంటాం, మేమే తీసుకుంటాం. చాచా మళ్ళీ బస్సుకు రావాలి.

పోలీసులను పిలుస్తానన్నాడు. అందరికీ ఎగ్జిట్ కొడతానన్నాడు. నాకు పిల్లలు గుర్తొచ్చారు. లేద్దామనుకున్నాను. పక్కన లచ్చమ్మ మోకాలు నా మోకాలికి తగిలి ఉంది, అది వణుకుతోంది. ఆమె కూడా భయపడుతోందని తెలిసి, లేవలేదు.

మేనేజరు బయటికి పోయి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. చెవి లచ్చమ్మ ఒళ్ళో వేశాడు.

"లోపల మేకు కొట్టుకుని పెట్టుకోండి. డ్రైవరు మాట ఎత్తొద్దు."

"రెండూ కావాల" అంది లచ్చమ్మ.

"ఇద్దామన్నా లేడు. పొద్దున్నే విమానం ఎక్కించాం."

ఇంక ఏం అడగాలి. లేచి బస్సు ఎక్కాం. గెలిచిన వాళ్ళలా ఎవరమూ లేము. నూనె మంటల దగ్గరికి వచ్చాక లచ్చమ్మ ఒక్క మాట అంది.

"చాచా ఉంటే ఇప్పుడు బస్సు ఎగిరిచ్చేవాడు."

కొత్త డ్రైవరు రోజూ నడిపినట్టే నడిపాడు.

ఆ ఏడు కాంట్రాక్టు అయిపోగానే లచ్చమ్మను ఇంటికి పంపేశారు. నేను ఇంకా కొన్నేళ్ళు ఉన్నాను. మేకు మీద చెవి నేనున్నంత కాలం అక్కడే ఉంది.

చాచీ పాల ప్యాకెట్టు పట్టుకుని వచ్చింది. సన్నటి మనిషి. గడప మీద నన్ను చూసి ఆగింది.

"ఎవరు గావాలమ్మా?"

"సౌదీల చాచా బస్సుల పోతుంటిమి, చాచీ."

ఆమె ముఖం ఒక్క క్షణం బిగుసుకుంది. తర్వాత తాళం ఎత్తి చేత్తో పట్టుకుని తలుపు తోసింది. లోపల చిలక్కొయ్యకు తెల్ల గొడుగు వేలాడుతోంది, ప్లాస్టిక్ కవరుతోనే. కవరు పసుపు రంగుకు తిరిగింది.

"తాళం నొక్కరా, చాచీ?"

"చెవి ఉంటే గద నొక్కెటందుకు. వచ్చిన దినమే ఏడ పారేసిండో. కొత్తది కొనుమంటే కొనలే. ఒకసారి గ్యాసు బుడ్డి ఎత్తుకపోయిన్రు. అయినా నొక్కలే. ఏ తలుపుకు నొక్కలే. పిచ్చి లేచిందనుకున్న." కూర్చోమని పీట వేసింది. తాళం ఇంకా చేతిలోనే ఉంది. "మక్కా చూపిస్తనని మధ్యల వచ్చేసిండు. ఎందుకొచ్చినవంటే కంపెనీ బంద్ పెట్టిన్రన్నడు. పక్కింటాయన అదే కంపెనీల ఉండె, బంద్ పెట్టలేదన్నడు. నడిపింది ఆడోళ్ళ బస్సు."

ఆగింది. పాల ప్యాకెట్టును పళ్ళెంలో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది.

"నా మనసుల ఒక మాట ఉండె. ఇన్నేండ్లు ఉండె. ఆయనను అడగలే. అడిగితే అవునంటడేమోనని. ఆయన పోయిండు, అది నా తాననే ఉన్నది. నువ్వు ఆ బస్సుల పోయినవు. నీకు తెలిస్తే చెప్పు. ఏం తప్పు జేసిండు?"

అప్పుడు తెలిసింది నేను అంత దూరం ఎందుకు వచ్చానో. చెప్పాను. తాళం సంగతి, సైరన్ సంగతి, లచ్చమ్మ అడిగింది, మరునాడు టక్ అనంది, మేనేజరు దారి చూపిస్తే ఈయన పోనిది. గొడుగు సీటు వెనక ఉన్నప్పుడే ఆ మాట అన్నాడని కూడా చెప్పాను. ఆమె ఆపకుండా విన్నది. చేతిలో తాళం కొక్కెం మీద బొటనవేలు రుద్దుతూ విన్నది.

అంతా అయ్యాక ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గొడుగు దిక్కు చూసింది, తాళం దిక్కు చూసింది.

"తాళం పడలేదని మీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"మరి బయటికి పోయిన్రా ఎవరన్న?"

"లే, చాచీ. ఎవ్వరం పోలే."

"మరి ఏం జేసిన్రు?"

"పండుకున్నం" అన్నాను. "కంటి నిండ నిద్రపోయినం."